మూడవ సాలార్‌జంగు – గంట కొట్టు మరమనిషి

హైదరాబాదు నగరమును రెండుగా చీల్చుచు మూసీనది పడమటి నుండి తూర్పునకు ప్రవహించుచున్నది. ఈ నదిపై మొట్టమొదటి వంతెన 1578వ సంవత్సరమున గోలకొండ సుల్తానుల కాలమున నిర్మింపబడెను. దాదాపు మూడువందల యేండ్ల పిమ్మట, అయిదవ నిజామైన అఫ్జలుద్దౌలా పాలించు కాలమున, దానికి దిగువను మరియొక వంతెన వెలసినది. క్రొత్తది పుట్టగానే మొదటి వంతెన పురానాపూల్ అయినది. రెండవది నయాపూల్ అయినది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన మహాప్రళయము వంటి వరదలో ఈ వంతెన దెబ్బతిని, మరల బాగుచేయబడెను. అది పుట్టి నూటయేబది యేండ్లు దాటినను జనుల నోట నేటికిని క్రొత్త వంతెనయే.

నయాపూల్ మీద నిలిచి చూచినచో ఒక వైపున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు, మరియొక వైపున హైకోర్టు భవనపు ఎఱ్ఱని గోడలు కన్నులపండువుగా కనిపించును. వంతెన దాటి దక్షిణపు టొడ్డున తూర్పునకు తిరిగినచో సాలార్‌జంగు మ్యూజియము చేరవచ్చును. దేశదేశముల నుండి వచ్చిన యాత్రికులు అచ్చట శిల్పములను, చిత్రములను, ఆయుధములను తిలకించుచు తిరుగుచుందురు. కాని గంట కాబోవుచున్నదనగా అందరి అడుగులును ఒక్క దిక్కునకే సాగును. తల్లులు పిల్లలను చంకనెత్తుకొని పోదురు. వృద్ధులు కఱ్ఱ యూతగా త్వరపడుదురు. వారందరు పోయి ఒక పెద్ద గడియారము ముందు కూర్చుందురు.

ఆ గడియారములో ఒక ప్రక్కన చిన్న కమ్మరి బొమ్మ యొకటి సుత్తి చేతబట్టి క్షణమున కొక దెబ్బ చొప్పున కొట్టుచుండును. అతనికి విరామము లేదు. గంట కావచ్చు సమయమునకు గడియారపు పై భాగమున తలుపు తెరచుకొని, గడ్డము గల చిన్న మనిషి బొమ్మ యొకటి వెలుపలికి వచ్చును. ఎన్ని గంటలైనదో అన్ని దెబ్బలు గంటపై కొట్టి, వచ్చిన దారినే లోనికి పోవును. అంతవరకు ఊపిరి బిగబట్టి చూచుచున్న జనులు ఒక్కసారిగా నవ్వుకొని లేచెదరు. మధ్యాహ్నము పన్నెండు గంటలకు చూచువారి సంఖ్య మరియు హెచ్చుగా నుండును. ఏలయన అప్పుడు ఆ చిన్న మనిషి పండ్రెండు దెబ్బలు కొట్టవలయును గదా!

చూచి నవ్వి పోవువారు పెక్కుమంది. ఈ బొమ్మ యెట్లు నడచుచున్నదని తలచువారు కొందరు. దీనిని ఇచ్చటికి చేర్చిన మహనీయు డెవ్వడు, అతడేల చేర్చెను అని యడుగువారు మిక్కిలి తక్కువ. ఆయన పేరు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్. లోకమున మూడవ సాలార్‌జంగుగా ప్రసిద్ధి కెక్కెను.

యూసుఫ్ అలీఖాన్ జన్మించిన వంశము హైదరాబాదు రాజ్యచరిత్రలో మిక్కిలి పేరుపొందినది. ఆయన తాతగారు మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్‌జంగు. ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, 1853లో ఆయన నిజాము రాజ్యమునకు దివానయ్యెను. బొక్కసము ఖాళీయై, అప్పుల పాలైయున్న రాజ్యమును చక్కదిద్ది, 1883లో మరణించువరకు ముప్పది సంవత్సరములు ఆ పదవిలోనే యుండెను. 1876లో ఐరోపాఖండమునకు పోయినప్పుడు రోమునగరమున ఆయన ఒక పాలరాతి విగ్రహమును కొనెను. బెంజోనీ యను శిల్పి చెక్కిన ఆ విగ్రహము మేలిముసుగు ధరించిన రెబెక్కా యను స్త్రీది. రాతితో చెక్కిన ముసుగు వెనుక రాతి ముఖము పలుచని వస్త్రము చాటున ఉన్నట్లు కనిపించును. కళాఖండములపై మక్కువ ఈ విధముగా తాతనాడే ఆ యింట నాటుకొన్నది.

రెండవ సాలార్‌జంగు మీర్ లాయక్ అలీఖాన్. ఆయనయు తండ్రివలెనే చిన్నవయస్సున దివానై, 1884 నుండి 1887 వరకు పనిచేసెను. ఆయన కుమారుడు యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13వ తేదీన పూనా నగరమున జన్మించెను. శిశువునకు నెల నిండకమునుపే, జులై మాసమున, తండ్రి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యేండ్లయినను లేదు. పుట్టిన బిడ్డ తండ్రి ముఖము నెరుగడు. కాని వంశమర్యాదలు, విస్తారమైన జాగీర్లు, మూసీతీరమున దివాన్ దేవిడీ యను మహాభవనము ఆ పసికందు వంతునకు వచ్చినవి. తండ్రిలేని ఆ బాలుని ఆరవ నిజామైన మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరించెను.

దివాన్ దేవిడీ నయాపూల్‌కు పిలిచిన పలుకునంత దూరమున, పత్తర్‌గట్టి దారి చెంత నుండెను. గదుల వెనుక గదులు, ప్రాంగణముల వెనుక ప్రాంగణములు గల ఆ భవనములో తాతగారు తెచ్చిన వస్తువులు ఎన్నియో కలవు. వాటి నడుమ పెరిగిన బాలుడు నిజాం కళాశాలలో ఆంగ్లవిద్య నభ్యసించెను. పారసీక, అరబ్బీ, ఉర్దూ గ్రంథములపై అభిరుచి వంశాచారముగా వచ్చెను.

1911లో ఆరవ నిజాము మరణింపగా మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏడవ నిజాముగా సింహాసన మధిష్ఠించెను. మరుసటి యేడు, 1912లో, ఆయన యూసుఫ్ అలీఖానును దివానుగా నియమించెను. అప్పటికి యూసుఫ్ అలీఖానుకు ఇరువదిమూడు సంవత్సరములు. తాతయు తండ్రియు కూర్చున్న పీఠముపై మనుమడు కూర్చుండుట చూచి నగరవాసులు సంతోషించిరి. కాని ఆ సంతోషము ఎంతోకాలము నిలువలేదు. ప్రభువునకును దివానునకును అభిప్రాయభేదములు పొడసూపెను. 1914వ సంవత్సరము ముగియకమునుపే యూసుఫ్ అలీఖాన్ పదవిని విడిచిపెట్టెను. అటుపిమ్మట కొన్ని సంవత్సరములు దివాను లేకయే నిజాము స్వయముగా రాజ్యకార్యములను చూచుకొనెను.

పాఠకులు ఇచ్చట ఒక్క నిమిషము ఆగి ఆలోచింపవలయును. ఇరువదియైదు సంవత్సరముల యువకుడు. తాత ముప్పదియేండ్లు నిర్వహించిన పదవి తనకు రెండేండ్ల చిల్లరలోనే చేజారినది. తల్లడిల్లి పోవుటకు అది చాలును. ధనమునకు కొదువలేదు, పనికి మాత్రము కొదువ వచ్చినది. పనిలేని ధనవంతుని చుట్టు వ్యసనములు చేరుట లోకసహజము. జూదము, వేట, విందులు, వినోదములు – వీటిలో మునిగి ఆయుస్సును, ఆస్తిని గంగపాలు చేసికొన్న సంస్థానాధిపతులు ఆనాడు మన దేశమున తక్కువగా లేరు. యూసుఫ్ అలీఖాన్ అట్టి మార్గమున పోలేదు. తనకు ప్రియమైన ఒక్క వ్యాసంగమును ఎన్నుకొని, దానికే శేషజీవితమును ధారపోసెను. లోకమునందలి అందమైన వస్తువులను, నేర్పరితనము గల వస్తువులను సేకరించుటయే ఆ వ్యాసంగము. ఆయన వివాహము చేసికొనలేదు.

ఆయన అభిరుచి వార్త దేశదేశములకు ప్రాకెను. వర్తకులు నిత్యము దివాన్ దేవిడీ గడప త్రొక్కుచుండెడివారు. ఒకరు పాతకాలపు ఖడ్గమును, ఒకరు చీనాదేశపు పింగాణీ పాత్రను, ఒకరు బంగారు నీటితో అలంకరించిన వ్రాతప్రతిని తెచ్చి చూపెడివారు. విదేశములలో ఆయనకు ప్రతినిధులుండిరి. వారు ప్రసిద్ధులైన వర్తకుల యొద్దనున్న వస్తువుల పట్టికలను పంపుచుండిరి. వాటిపైననే ఆధారపడక ఆయన స్వయముగా ఐరోపా, పశ్చిమాసియా దేశములకు పోయి, తనకు నచ్చిన వానిని కొనుచుండెను. ఈ విధముగా మూడున్నర దశాబ్దములకు పైగా సేకరణ సాగెను.

సాధారణముగా సేకరించువారు ఒకే జాతి వస్తువును పట్టుకొందురు. కొందరు నాణెములను, కొందరు చిత్రపటములను కూర్చుకొందురు. సాలార్‌జంగు అట్లు హద్దు పెట్టుకొనలేదు. దంతపు పనులు, పచ్చరాతి పాత్రలు, తివాచీలు, కంచు విగ్రహములు, కవచములు, ఖురాను వ్రాతప్రతులు, అద్దపు దీపములు – ఇవన్నియు ఆయన యింట చేరెను. చేతికఱ్ఱలు సైతము ఆయన దృష్టిని దాటిపోలేదు. పిల్లల ఆటబొమ్మలును చేరెను. విలువ యెక్కువదా తక్కువదా యని కాక, దానిని చేసినవాని చేతిలో పనితన మున్నదా లేదా యని ఆయన చూచెడివాడు కాబోలునని ఆ సేకరణను చూచిన వారికి తోచును.

ఆ సేకరణలో గడియారములకు ప్రత్యేకస్థానము కలదు. ఇంగ్లాండు, ఫ్రాన్సు, స్విట్జర్లాండు, జర్మనీ మొదలగు దేశములలో చేసిన గడియారములు అందు గలవు. మనిషి యెత్తు నిలిచియుండునవి కొన్ని. భూతద్దము పెట్టి చూడవలసినంత చిన్నవి కొన్ని. పక్షిపంజరము రూపమున నున్నవి కొన్ని. లోపలి చక్రములన్నియు కనబడునట్లు పై తొడుగు లేక నిర్మించినవి మరికొన్ని. యంత్రమును దాచక, దాని గుట్టును బయటపెట్టి చూపుటలో ఒక అందమున్నదని ఈ చివరి జాతి గడియారములు తెలుపును.

మనము మొదట చెప్పుకొన్న సంగీత గడియారము వీటికి రాజు వంటిది. దాని భాగములు ఇంగ్లాండున తయారయ్యెను. కలకత్తాలో ప్రసిద్ధులైన కుక్ అండ్ కెల్వీ అను గడియారపు వర్తకులు వాటిని కూర్చి నిలిపిరి. అందు 350కి మించిన భాగము లున్నవని చెప్పుదురు. సాలార్‌జంగు దానిని వారియొద్ద కొని తన భవనమునకు చేర్చెను.

ఇట్టి గడియారములలో బొమ్మలు కదలుటకు మాయ యేమియు లేదు. తాళపుచెవితో బిగించిన ఉక్కుచుట్టయందు గాని, వ్రేలాడదీసిన బరువునందు గాని శక్తి నిలువ చేయబడును. అది ఒక్కసారిగా వెలువడినచో క్షణములో అంతయు ముగిసిపోవును. కావున ఒక పండ్లచక్రమును అమర్చి, దానికి అడ్డముగా ఒక కొక్కెమును నిలుపుదురు. ఊగు లోలకమునకు అనుగుణముగా ఆ కొక్కెము ఒక్కొక్క పల్లును మాత్రమే విడిచిపెట్టును. గడియారము టిక్కు టిక్కుమని పలుకుట ఈ కొక్కెము శబ్దమే. ఒక చక్రము మరియొక చక్రమును త్రిప్పగా, ఆ చక్రము ముండ్లను నడపును.

గంట కొట్టుట కొఱకు వేరొక చక్రముల వరుస యుండును. అందు ఒక చక్రపు అంచు ఎత్తుపల్లములుగా కోయబడియుండును. దానిపై ఆనుకొనియున్న మీట ఎత్తు వచ్చినప్పుడు లేచును, పల్లము వచ్చినప్పుడు పడును. ఆ మీటకు బొమ్మ చేతిని కట్టినచో చేయి లేచి పడును. తలుపును కట్టినచో తలుపు తెరచుకొని మూసికొనును. ఎన్ని దెబ్బలు కొట్టవలయునో లెక్క చూచుటకు మరియొక ఏర్పాటు కావలయును. ఒకటి మొదలు పండ్రెండు వరకు కూడినచో డెబ్బదియెనిమిది. పగటికి 78, రాత్రికి 78, దినమునకు 156 దెబ్బలు. ఒక్కటి తప్పినను ఆ దినమంతయు లెక్క తప్పును. లెక్క తెలియని లోహము చేత ఇంత లెక్క చేయించుటయే యంత్రకారుని ప్రతిభ.

ప్రాణములేని వస్తువునకు కదలిక నీయవలయునను కోరిక మానవునకు నేటిది కాదు. మన పల్లెలలో కీలుగుఱ్ఱము కథ యెరుగని వృద్ధులు లేరు. కీలు త్రిప్పినంతనే ఆకాశమున కెగురు కొయ్యగుఱ్ఱమును మన పెద్దలు ఊహించిరి. పదునొకండవ శతాబ్దమున ధారానగరము నేలిన భోజమహారాజు పేర వెలసిన సమరాంగణ సూత్రధారమను గ్రంథమున యంత్రములను గూర్చి ప్రత్యేకాధ్యాయమే కలదు. కదలు బొమ్మలను, ద్వారమును కాచు కొయ్యమనిషిని అందు వర్ణించిరి. 1206వ సంవత్సరమున అల్ జజరీ యను యంత్రకారుడు నీటి బలముచే పనిచేయు గడియారములను, వాద్యములు వాయించు బొమ్మలను వివరించుచు గ్రంథమును పూర్తిచేసెను.

ఐరోపాలో ఈ విద్య గడియారములు చేయువారి చేతిలో పెంపొందెను. స్విట్జర్లాండు దేశస్థుడైన పియేర్ జాకే ద్రో, తన కుమారునితోను మరియొక సహచరునితోను కలిసి మూడు బొమ్మలను చేసి 1774లో ప్రజలకు చూపెను. ఒకటి చిత్రములు గీయును. ఒకటి వాద్యము వాయించును. మూడవది బల్లముందు కూర్చున్న బాలుడు. ఆ బాలుడు కలమును సిరాలో ముంచి, విదిలించి, నలువది అక్షరముల వరకు వ్రాయును. వింత యేమనగా, లోపలి చక్రమునందలి అమరికను మార్చినచో ఆ బాలుడు వ్రాయు మాటయు మారును. యంత్రమును పగులగొట్టకయే దానిచే క్రొత్త పని చేయించు కిటుకు ఆనాడే వారికి చిక్కినది. ఆ మూడు బొమ్మలు న్యూషాటెల్ నగరపు మ్యూజియములో భద్రముగా నున్నవి.

ఇట్టి బొమ్మలకు నేడు లోకమంతటను రోబో యను పేరు వ్యాపించినది. ఆ పేరు ఎట్లు వచ్చెనో తెలిసికొనదగినది. కారెల్ చాపెక్ అను చెక్ రచయిత 1920లో ఒక నాటకము వ్రాసెను. అందు మనుష్యుల కొఱకు చాకిరి చేయుటకై కర్మాగారములో తయారగు కృత్రిమ మనుష్యులు పాత్రలు. వారికి ఆయన సోదరుడు సూచించిన పేరు రోబోట్. చెక్ భాషలో రోబోతా యనగా వెట్టిచాకిరి. ప్రభువుల పొలములలో రైతులు కూలి లేక చేయు పని యని దాని పూర్వార్థము.

వెట్టి యనునది ఆ కాలమున తెలంగాణములోని పెక్కు గ్రామములకు పరిచితమైన దుఃఖము. జాగీరు గ్రామములలో శిస్తు చెల్లించినది రైతు. ఎండలో దుక్కిదున్ని, వానకై మొగమెత్తి చూచిన ఆ రైతు కష్టమే శిస్తు రూపమున జాగీర్దారుల బొక్కసములను నింపెను. సాలార్‌జంగు కొన్న దంతపు కుర్చీ వెనుక, పచ్చరాతి పాత్ర వెనుక, గంట కొట్టు గడియారము వెనుక కూడ ఆ కష్టమే కలదు. ఈ సంగతిని మరచి ఆయన జీవితమును చదువుట న్యాయము కాదు. ఆ ధనముతో ఆయన కూర్చినది చివరకు ఎవరికి దక్కెనను ప్రశ్నకు సమాధానము మీదనే ఆయన వ్యాసంగపు విలువ ఆధారపడియున్నది.

కాలము మారెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. మరుసటి సంవత్సరము మార్చి 2వ తేదీన మూడవ సాలార్‌జంగు తన అరువదవ యేట పరమపదించెను. టిప్పుసుల్తానునకు చెందినవని ప్రసిద్ధి గల దంతపు కుర్చీలు ఆయన చివరగా కొన్న వస్తువులని చెప్పుదురు. ఆయన మరణించిన ఏడే, ఆగస్టు మాసమున, జాగీర్దారీ పద్ధతియు రద్దయ్యెను.

ఇప్పుడు పెద్ద ఆపద యేర్పడెను. నవాబునకు భార్య లేదు, బిడ్డలు లేరు. వేలకొలది వస్తువులు భవనపు గదులలో నిండియున్నవి. బంధువులు వారసత్వమునకు వచ్చిరి. పంపకములు జరిగినచో ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క దారి పట్టును. రెబెక్కా యొక దేశమునకు, వ్రాతప్రతులు మరియొక దేశమునకు పోవును. గంట కొట్టు చిన్నమనిషి ఏ ధనవంతుని చావడిలోనో చేరి, పదిమంది కంటబడక, కొట్టిన గంటయే కొట్టుచుండును. నలువది యేండ్ల కృషి నాలుగు దినములలో చెదరిపోవుటకు సిద్ధముగా నుండెను.

అదృష్టవశమున ప్రభుత్వము మేల్కొన్నది. ఎస్టేటు నిర్వహణకై ఒక సంఘము నియమింపబడెను. ఆనాటి ముఖ్యమంత్రి వెల్లోడిగారు ఆ సంపదను ప్రజలకు చూపదలచి, కళామర్మజ్ఞుడైన జేమ్సు కజిన్సు పండితునకు వస్తువులను అమర్చు బాధ్యత నప్పగించెను. 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీలోనే పండిత జవహర్‌లాల్ నెహ్రూ ఆ మ్యూజియమును ప్రారంభించెను. సామాన్యులు అడుగిడుటకు వెరచిన ఆ గడపను నాడు సామాన్యులే దాటిరి.

వారసులతో నుండిన వివాదము 1958లో హైకోర్టునందు రాజీతో ముగిసెను. ఆ సేకరణ ప్రజలదయ్యెను. 1961లో పార్లమెంటు చట్టము చేసి, ఆ మ్యూజియమును జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. 1968లో మూసీ యొడ్డున క్రొత్తగా కట్టిన భవనమునకు వస్తువులను తరలించిరి. సుమారు 43,000 కళాఖండములు, 9,000 వ్రాతప్రతులు, 47,000 అచ్చు పుస్తకములు అచ్చట గలవని లెక్క. జాగీరు రైతు మనుమడు టిక్కెట్టు కొని లోనికి పోయి, నవాబు చూచిన గడియారమునే నవాబు కూర్చున్నంత దర్జాగా కూర్చుండి చూడవచ్చును. తాతలు చెల్లించిన శిస్తులో కొంతయైన ఈ రూపమున మనుమలకు చేరినది.

మూడవ సాలార్‌జంగు తన చేతులతో ఏ యంత్రమును నిర్మించినవాడు కాడు. కాని నిర్మించువారికి చూపవలసిన దానిని భద్రపరచినవాడు. ఏ విద్యయైనను చూచుటతో మొదలగును. నయాపూల్ దాటి ఉత్తరమునకు కొంతదూరము పోయినచో కోఠిలో గుజరాతీగల్లీ యను సందు కలదు. చిన్న మోటార్లు, బ్యాటరీలు, తీగలు, విద్యుత్ పలకలు అచ్చటి అంగళ్లలో దొరకును. బాలురును బాలికలును వాటిని కొనిపోయి, సెలవు దినములలో ఇంటిలోనే చిన్న చిన్న మరమనుషులను కూర్చుట ఈ కాలపు వినోదము. పాడైన ఆటబొమ్మను విప్పి, దాని మోటారును తీసి, మరియొక బొమ్మకు కాళ్లు చేయుదురు. ఒక పనికై చేసిన యంత్రముచే వేరొక పనిని చేయింతురు.

వారి మరమనిషికిని సాలార్‌జంగు గడియారమునందలి చిన్నమనిషికిని చుట్టరికము కలదు. అచ్చట ఉక్కుచుట్ట, ఇచ్చట బ్యాటరీ. అచ్చట ఎత్తుపల్లముల చక్రము. ఇచ్చట కంప్యూటరునకు వ్రాసి యిచ్చిన ఆజ్ఞల వరుస. అచ్చట మీట, ఇచ్చట మోటారు. ఒక్క భేదము మాత్రము పెద్దది. గడియారపు బొమ్మకు కన్నులున్నను చూడలేదు; ఎదుట వేయిమంది యున్నను, ఒక్కరును లేకున్నను దానికి ఒక్కటియే. నేటి మరమనిషికి అడ్డమును, వెలుతురును, శబ్దమును పసిగట్టు పరికరములను అమర్చవచ్చును. గోడ తగులునని తెలిసి అది ప్రక్కకు తిరుగును. ఐనను ఎటు తిరుగవలయునో నేర్పినది మనుష్యుడే.

ఆ చిన్నమనిషి తలుపు తెరచుకొని వచ్చుటయు, గంట కొట్టుటయు, మరలిపోవుటయు చక్రముల ఆజ్ఞ. వేరొకటి చేయుటకు అతనికి వీలులేదు. అతనిని కొనితెచ్చిన మనుష్యునకు మాత్రము వీలుండెను. ఇరువదియైదేండ్లకే పదవి పోయి, ముందు దారి మూసికొన్నప్పుడు, ఆయన వ్యసనముల పాలు కావచ్చును. పగబట్టి కాలము గడపవచ్చును. ఆ రెండును కాక తనకు నచ్చిన పనిని తానే యెన్నుకొని తుదివరకు విడువక చేసెను. తీరిక యందరికి దొరకును. దానిని దేనికి వెచ్చింతుమన్నదే మనుష్యుని పరీక్ష.

మూసీలో నీరు ఎంతయో పారిపోయినది. నిజాముల రాజ్యము పోయినది, జాగీర్లు పోయినవి, దివానుల పదవియు పోయినది. నయాపూల్ చెంత ఆ మ్యూజియములో కమ్మరి బొమ్మ మాత్రము క్షణక్షణమును సుత్తితో లెక్కించుచునే యున్నది. గంట కాగానే తలుపు తెరచుకొనును. గడ్డపు చిన్నమనిషి వచ్చి, ఎదుట నేలపై కూర్చున్న పిల్లలందరికి సరిగా లెక్కపెట్టి గంట కొట్టును.